కళ్ళు మూసుకుంటేనే ఓటు

"గంజాయిని మందుగానైనా అనుమతించమని అడుగుదామా, వద్దా?" వన్ టౌన్ పార్టీ ఆఫీసులో ఎమ్మెల్యే బాలశౌరి కార్యకర్తల చేత చర్చి పద్ధతిలో ఓటేయించాడు.

"అందరూ కళ్ళు మూసుకోండి. సరేననేవాళ్ళు చెయ్యెత్తండి. నేనొక్కణ్ణే చూస్తా."

అన్నాడేగానీ, ప్రార్థన అలవాటుకొద్దీ తనూ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అన్ని చేతులూ కిందే ఉన్నాయి.

"ఒక్కరూ ఎత్తలేదు, బతికాం!" అన్నాడు బాలశౌరి. " ఎత్తుంటే, సారా కొట్లు మూయించిన మన టీకొట్టు బేగం బీ చీపురు తిరగేసేది."

గుమ్మంలో టీ ట్రేతో నిలబడ్డ బేగం బీ పగలబడి నవ్వింది. "అందరూ ఎత్తారండీ, మీతో సహా! నా మోకాళ్ళ నొప్పులకి నేనూ ఎత్తేదాన్నే, చేతిలో ట్రే ఉండిపోయింది."

ట్రే బల్లమీద పెట్టి చెయ్యెత్తింది. "ఇప్పుడు కళ్ళు తెరిచి ఎత్తండి."

అందరూ గబగబా టీ గ్లాసులందుకున్నారు. బాలశౌరి రెండు చేతులా రెండు గ్లాసులు పట్టుకున్నాడు.