ఏడో నంబరు చలిగది

“ఆ కర్ర దించండి తాతగారూ. పైకప్పుకి ఏదీ తగలకూడదు.”

రాగ్నా అలా అనేసరికి ముసలాయన కర్ర మెల్లగా దించాడు.

ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, కాలిక్స్ నది ఒడ్డున మంచుతో కట్టిన ఆ హోటల్లో రాగ్నాకి ఇదే మొదటి శీతాకాలం. చలిగదుల్లో పడుకోబోయేవాళ్ళకి సాయంత్రం జాగ్రత్తలు చెప్పడం, పొద్దున్నే వేడి లింగన్ పళ్ళరసం ఇచ్చి లేపడం ఆమె పని.

ముసలాయన చేతిలోని చీటీ మీద గది నంబరు చూసింది. ఏడు. పేరు చదివే తీరిక లేదు, ఇంకా తొమ్మిది గదులకి వెళ్ళాలి.

“లోపల మైనస్ ఐదు. మంచం కూడా మంచుదే, పైన రెయిన్‌డీర్ తోళ్ళు పరిచాం. కోటు విప్పేసి స్లీపింగ్ బ్యాగులో దూరండి. టోపీ మాత్రం తియ్యొద్దు.”

“తెలుసమ్మా.”

“అందరూ తెలుసనే అంటారు. తీరా చూస్తే అర్ధరాత్రి పళ్ళు టకటకలాడించుకుంటూ హాల్లోకి పరిగెత్తుకొస్తారు.”

ముసలాయన నవ్వలేదు.

“అమ్మాయీ, పొద్దున్న చూసినప్పుడు ఈ కర్ర ఇక్కడ నిటారుగా నిలబడింది. ఇప్పుడు వంచితేగానీ పట్టడం లేదు. మీ మేస్త్రీ ఎక్కడ?”

“పట్నం వెళ్ళాడు, రేపొస్తాడు. మంచన్నాక రోజూ కాస్త కుంగుతూనే ఉంటుంది. భయపడకండి.”

“అది కాదమ్మా, నేను...”

“తాతగారూ, మీకు దాచేదేముంది.” రాగ్నా గొంతు తగ్గించింది. “ఈ వారం ఇద్దరు చలికి తాళలేక గదులొదిలి వచ్చేశారు. నేను సరిగ్గా చెప్పకపోవడం వల్లేనని మేనేజరు మండిపడ్డారు. మూడో మనిషి బయటికొస్తే ఇక పనిలోకి రావద్దన్నారు. ఈ ఉద్యోగం పోతే నాకూ నా కూతురికీ తలదాచుకోవడానికి చోటు కూడా లేదు.”

ముసలాయన ఆమె మొహంలోకి చూసి, కర్ర పక్కన పెట్టేశాడు.

రాత్రి పదిగంటలకి రాగ్నా ఆఖరిసారి చుట్టి వచ్చింది. ఏడో గది గుమ్మానికి అడ్డంగా, నడవాలో తోలు పరుచుకుని కూర్చుని ఉన్నాడాయన.

“ఇదేంటి తాతగారూ?”

“నాకిక్కడే బాగుందమ్మా.”

“నడవాలో పడుకోవడానికి వీల్లేదు.”

“పడుకోనులే. కూర్చుంటాను.”

రాగ్నాకి ఒళ్ళు మండింది. ఇంత పిరికి మనిషి హాయిగా వెచ్చగది తీసుకోవచ్చుగా, మధ్యలో తనని రోడ్డున పడెయ్యడం ఎందుకు?

“మీకు పుణ్యముంటుంది, నా పొట్ట కొట్టకండి. మేనేజరు చూస్తే నా పని అయిపోయినట్టే.”

ఆయన కప్పు వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

“సరేనమ్మా. ఒక్క రాత్రికి ఆగుతుందేమోలే.”

చంటిపిల్లాడిని పడుకోబెట్టినట్టు ఆమే ఆయన్ని స్లీపింగ్ బ్యాగులో దూర్చి, టోపీ సర్ది, జిప్పు గడ్డం దాకా లాగింది. ఆ వారంలో మొదటిసారి నిశ్చింతగా నిద్రపోయింది.

తెల్లవారి పళ్ళరసం తీసుకుని వెళ్ళి ఏడో నంబరు గుమ్మానికి వేసిన తెర పక్కకి లాగింది. తెర వెనక గది లేదు. గుమ్మం నిండా మంచు పెళ్ళలు కుప్పపడి ఉన్నాయి.

పలుగులూ పారలతో గంటసేపు తవ్వారు. జిప్పు గడ్డం దాకా అలాగే ఉంది. చేతులు బయటికి తీసుకోవడానికి కూడా వీలు చిక్కలేదు పాపం.

రాగ్నా వంగి ఆ జిప్పు కిందికి లాగింది. ఆమె తప్పేం లేదని ఎవరెవరో ఏదో చెబుతున్నారు. ఒక్కటీ చెవికెక్కలేదు. బయట కూర్చున్న మనిషిని బతిమాలి మరీ లోపలికి పంపింది తను. నిన్న ఆ జిప్పు లాగిన ఈ చేతులు ఉన్నంతకాలం ఆ సంగతి తనని వదలదు.

వెచ్చగదుల వైపు నుంచి ఒక కొత్తజంట పరుగున వచ్చింది. ఆ అమ్మాయి మొహం పాలిపోయి ఉంది.

“ఏడో నంబరు మాదండీ,” అంది. “నిన్న మధ్యాహ్నం ఆ తాతగారు తన వెచ్చగది తాళంచెవి మా చేతిలో పెట్టారు. పాతికేళ్ళు ఇక్కడ ఈ కప్పులు కట్టిన మేస్త్రీనని, ఇది నిలిచేలా లేదని, తెల్లారేదాకా లోపలికి ఎవర్నీ పోనివ్వకుండా గుమ్మంలో కాపలా కూర్చుంటానని చెప్పి మా చీటీ తీసుకున్నారు.”