అడుగుకో వెలుగు

"ఆ చివరి పలక ఒట్టి బద్ధకపుదమ్మాయ్. గట్టిగా తొక్కితే గానీ దీపం వెలగట్లేదు. రేపు మీ పెద్దసారు ముందు పరువు తీసేలా ఉంది," అంది అత్తగారు, దాన్ని మరోసారి తొక్కి చూస్తూ.

కోడలు గేటు దగ్గర కూర్చుని తీగలు సర్దుతోంది. తొక్కితే కరెంటు పుట్టే రోడ్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు ఆమె. ప్రహరీ పొడవునా అలాంటి పలకలు పరిపించి, గేటు స్తంభానికి దీపం బిగించింది.

మొదట్లో అత్తగారు మూతి తిప్పింది. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి వరండా కుర్చీయే ఆవిడ సింహాసనం. వీధినంతా అక్కణ్ణుంచే ఏలేది, దిగమంటే ఎవరి మాటా వినేది కాదు. లారీలు తిరిగే రోడ్డు మీద వేసుకోక మన గుమ్మంలో ఎందుకీ తలనొప్పి అని సణిగింది. లారీలైతే కరెంటు దండిగానే వస్తుంది గానీ ఆ బరువుకి పలకలు పగులుతున్నాయనీ, ఖర్చు తడిసి మోపెడవుతోందనీ కోడలు చెప్పింది. మనుషుల నడకకైనా పనికొస్తాయని పెద్దసారుకి చూపించాలిట. దీపం వెలక్కపోతే అన్నీ పీకించేస్తారట.

"రోజూ తొక్కేవాళ్లే దొరకట్లేదు అత్తయ్యా," అంటూ ఆమె మెట్టు మీద చతికిలబడింది.

"నేను చచ్చానా?" అని అత్తగారు కుర్చీలోంచి లేచింది.

మొదట గోడ పట్టుకుని, తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని, ఆ తర్వాత ఎవరినీ పట్టుకోకుండా పొద్దునా సాయంత్రం గస్తీ తిరిగింది. మబ్బు పట్టింది, ఈ పూటకి ఆగమన్న కొడుకుని, పెళ్లాం కష్టమంటే నీకు ఆటగా ఉందా అని కడిగేసింది. పక్కింటి టైలరమ్మని కూడా లాక్కొచ్చి, దీపం ఎవరికి బాగా వెలుగుతుందో చూద్దామని పందెం కట్టింది. గెలిచిన రోజు ఇంట్లో ఆవిణ్ణి పట్టడం ఎవరి తరమూ కాలేదు.

చివరి పలకని అలా తిట్టిపోసిన మర్నాడు తెల్ల కారులో ఆయన రానే వచ్చాడు. దీపం కేసి ఓసారి చూసి, ఆ తర్వాత అత్తగారి అడుగు పడే చోటు మీంచి కళ్లు తిప్పలేదు. వేగంగా నడవమన్నాడు, వెనక్కి తిరగమన్నాడు, గుమ్మం మెట్లెక్కి దిగమన్నాడు. అత్తగారు అన్నీ చేసి, ఆయన అడగని చిన్న పరుగు కూడా తీసింది. దీపం దేదీప్యమానంగా వెలిగింది. టైలరమ్మ పందెం మాట మరిచిపోయి చప్పట్లు కొట్టింది.

"ఉంచుతారా, పీకేస్తారా?" అత్తగారు ఆయన దారికి అడ్డంగా నిలబడింది.

"ఉండాల్సిందేనమ్మా. మీరు మాత్రం నడక మానకూడదు," అన్నాడాయన నవ్వుతూ.

అత్తగారు కోడల్ని గట్టిగా కావలించుకుంది. ఇద్దరికీ నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. తర్వాత ఆవిడ ఈ కబురు వీధంతా చాటడానికి టైలరమ్మని వెంటేసుకుని బయల్దేరింది. కోడలు కారు దాకా ఆయనతో నడిచి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇక ఆ మోకాలికి ఢోకా లేనట్టేనా, డాక్టరుగారూ?"