గోధుమరంగు

"అది పెట్టేయి బాబూ. నీకు పనికిరాదు."

బస్సు డ్రైవరు చేతిలోని బ్రెడ్ ప్యాకెట్‌ను ఎవరో పట్టుకుని లాగారు. చూస్తే చేతికర్ర పట్టుకున్న ముసలాయన.

డ్రైవరును డిపోలో అందరూ 'హారన్' అంటారు. ఊరికే అనరు.

"పెద్దాయనా! నా తిండి, నా ఇష్టం. మధ్యలో నువ్వెవరు?"

షాపంతా అదిరింది. ముసలాయన అదరలేదు.

"జేబులో మాత్రలు కనబడుతున్నాయి. షుగరేగా?"

"అవును, షుగరే! అందుకే తెల్లది మానేసి ఇది తింటున్నా. కళ్లు కనబడట్లేదా? గోధుమ అని రాసుంది."

"గోధుమరంగు అని రాసుంది. రంగొక్కటే గోధుమది. లోపలంతా మైదా."

ముసలాయన పక్క అరలోంచి గరుకుగా, బరువుగా ఉన్న ఇంకో బ్రెడ్ తీసి అందించాడు.

"ఇది పట్టు. పొట్టు తియ్యని గింజతో చేసింది. పంటికి తగులుతుంది."

"ఇటుకలా ఉంది. నువ్వే తిను."

పంతం కొద్దీ హారన్ ఒకటి కాదు, రెండు గోధుమరంగు ప్యాకెట్లు కొన్నాడు.

రెండు నెలల్లో డిపోలో వైద్య పరీక్ష. షుగరు దిగకపోతే స్టీరింగు లాక్కుని, గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెడతారు. ఇరవై రెండేళ్లుగా పట్టుకున్న స్టీరింగు! అది లేకుండా బతకడం అతనికి తెలియదు.

మర్నాడూ ముసలాయన అక్కడే. ఆ మర్నాడూ అక్కడే. ఎంత తిట్టినా అదే పాట.

మూడు వారాలకు రక్తపరీక్ష చేయిస్తే అంకె ఇంకా పెరిగింది.

"నోరు కట్టుకుని చస్తుంటే ఇదేం న్యాయం!" అంటూ హారన్ ఇంట్లో ప్యాకెట్‌ను విసిరికొట్టాడు.

భార్య దాన్ని తీసి, వెనక ఉన్న సన్న అక్షరాలను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది.

"మొదట మైదా. తర్వాత చక్కెర. అన్నిటికన్నా చివర రంగు. పొట్టున్న గోధుమ ఇందులో ఎక్కడా లేదండీ."

హారన్ ఆ ప్యాకెట్‌ను లాక్కుని చెత్తబుట్టలో పడేశాడు.

గరుకు బ్రెడ్‌ను మాత్రం భార్య చేతే తెప్పించుకున్నాడు. ముసలాయన ముందు ఓడిపోయినట్టు కనబడటం ఇష్టం లేదు మరి. పూటకు రెండే ముక్కలు. వేళకు మాత్రలు. సాయంత్రం నడక. దవడలు నొప్పి పుట్టినా, ఎవరిమీదో కసి తీర్చుకుంటున్నట్టు నమిలాడు.

"బస్సు నడుపుకోవయ్యా," అని డాక్టరు సంతకం పెట్టిన రోజున యూనిఫాంలోనే షాపుకు పరిగెత్తాడు.

"అమ్మా, ఆ పెద్దాయన ఏరి?"

"పోయారన్నా. పది రోజులైంది," అంది షాపావిడ.

హారన్ ముసలాయన రోజూ నిలబడే అర వైపు చూశాడు.

"ఎన్ని మాటలన్నానో ఆయన్ని..."

"మీరొక్కరేనా? అందరూ తిట్టారు. బయటికి గెంటినా మళ్లీ వచ్చేవారు. ఈ ప్యాకెట్ మీద ఈ పేరున్నంతకాలం వస్తూనే ఉంటాననేవారు."

"అసలు ఎవరమ్మా ఆయన?"

షాపావిడ గోధుమరంగు ప్యాకెట్ తీసి, పైనున్న పెద్ద అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఆ కంపెనీలో పనిచేసేటప్పుడు ఈ పేరు పెట్టింది ఆయనే. షుగరున్న వాళ్లావిడ, 'మా ఆయన పెట్టిన పేరు కదా' అని, చివరిదాకా ఇదే తిన్నారట."