రేవు సత్రం రొట్టె

కట్టమీద రోడ్డు వేయడానికి రేవు సత్రాన్ని గురువారం కూల్చేస్తామని కబురు వచ్చినప్పటినుంచి ఆ సత్రంలోనే కాపురముంటున్న సనోబర్‌కు కంటిమీద కునుకు లేదు.

ఊరి సంఘం కొత్త ఇల్లు ఇస్తానంది. రెండు గదులు, వంటింట్లోనే కుళాయి. ఆమె వద్దంది.

"నీకేం పిచ్చే?" అంది పక్కింటి తోజిగుల్. "సత్రానికి మనిషి రాక పదేళ్లయింది. ఒక్కదానివి, రోజూ అన్నేసి రొట్టెలు కాలుస్తావు. ఎవరికే, దయ్యాలకా?"

"పావురాలకి."

"అందుకే మీ పావురాలు ఎగరలేక నడుస్తున్నాయి!"

సనోబర్‌కు నవ్వు రాలేదు. పెద్ద ఊరికి నాలుగు అర్జీలు పంపింది. ఆఖరికి బుధవారం పొద్దున, పాత కట్టడాలు చూసే అధికారి బెర్దియార్ వచ్చాడు.

"చరిత్ర ఉంటే ఆపిస్తానక్కా. చెప్పు."

చెప్పింది. ఎవరు కట్టారో తెలియదు. ఆము నది పొంగినప్పుడు ఒంటెల బిడారులు వారాల తరబడి ఇక్కడే ఆగేవి. పాత రాజు ఎమీరు సిపాయిలు గుర్రాలను కట్టిన గుంజలకే, విప్లవం వచ్చాక ఎర్ర సైనికులూ కట్టారు. పుచ్చకాయల వ్యాపారి ఒకడు పడవ కోసం ఎదురుచూస్తూ సరుకంతా తనే తినేశాడు.

"ప్రతి రేవులోనూ ఇదే చెప్తారు," అంటూ బెర్దియార్ పుస్తకం మూయబోయి, గోడవైపు చూసి ఆగిపోయాడు.

మేకుకు ఒక గుండ్రటి రొట్టె. రాయిలా ఎండిపోయింది. అంచున ఒక్క కొరుకు.

"ఎవరిది?"

"మా ఆయన ఎర్గాష్‌ది. నలభై రెండులో జర్మన్లతో యుద్ధానికి పోతూ కొరికాడు. అప్పటికి పెళ్లయి పదకొండు రోజులు. పడవ కదిలేదాకా ఆ ముక్క నములుతూనే ఉన్నాడు, మింగుడుపడక."

బెర్దియార్ గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. వాళ్లింట్లోనూ నాన్న కొరికిన రొట్టె ఉండేది. వెళ్లినవాడు తిరిగొచ్చి తింటేనే అది గోడ దిగేది. నాన్న రాలేదు. రొట్టెను ఎలుకలు తిన్నాయి.

"కబురేమీ రాలేదా?"

"ఆచూకీ లేదని కాగితం వచ్చింది."

"ఇరవై మూడేళ్లు! మళ్లీ పెళ్లి మాటే తలపెట్టలేదా అక్కా?"

"రొట్టె అలాగే ఉందిగా, తమ్ముడూ."

అతని కళ్లు చెమర్చాయి. పుస్తకం తెరిచి గబగబా రాశాడు.

"ఇంక దీన్ని ఎవడూ ముట్టుకోడు. ఇది అమరవీరుడి ఇల్లు. విజయదినానికి గుమ్మం ముందు రాయి నిలబెడతాం. బడిపిల్లలు పూలు తెస్తారు. నువ్వే ఇక్కడ కాపలా, బతికున్నంతకాలం."

"రాయెందుకులే. గోడలు నిలిస్తే చాలు."

"ఎంత అణకువక్కా నీది!"

జీపు మలుపు తిరిగేదాకా సనోబర్ వాకిట్లోనే నిలబడింది. తలుపు గడియ పెట్టింది. పులుసు వేడిచేసి, గిన్నె పట్టుకుని గడ్డికొట్టులోకి వెళ్లింది.

గడ్డి పక్కకు తోసి, నేలపలక ఎత్తి, తుపాకీ పారేసి యుద్ధంలోంచి పారిపోయి వచ్చిన రోజునుంచి ఎండ మొహం చూడని మొగుడికి గిన్నె అందిస్తూ, "కూల్చరంట ఎర్గాష్, కానీ నువ్వింక ఎప్పటికీ పైకి రావడానికి లేదు, నీ పేరు రాతిమీద చెక్కిస్తున్నారు," అంది సనోబర్.