పదింతల బలం

వీర్రాజుకు పక్షవాతం వచ్చి నోరు పడిపోయి రెండేళ్లయింది. ఆ కాలంలో అలాంటివాళ్లకు మాట పలికించేది ఇంట్లో ఆటలాడుకునే గేమ్ బాక్సే. తలకు కట్టిన పట్టీ మనసులోని మాటను పట్టుకుంటే, పెట్టె దాన్ని పైకి పలికేది. కానీ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ పని బరువెక్కి, పాత పెట్టె మోయలేకపోయింది. ఇప్పుడు "మంచినీళ్లు" అనడానికే మూడు గంటలు పడుతోంది.

కొత్త పెట్టె వస్తోందని కాకినాడంతా ఒకటే చర్చ. బలం నాలుగింతలని కొందరు, పదింతలని కొందరు. వీర్రాజు భార్య సుభాషిణి పదింతలన్నవాళ్లనే నమ్మింది. అమ్మకం మొదలైన రోజు పొద్దున్నే, ఆ పెట్టెలు అమ్మే మస్తాన్ షాపు ముందు నిలబడింది.

మస్తాన్ గంటసేపు కొత్త పెట్టెతో కుస్తీ పట్టి, చివరికి తల అడ్డంగా ఊపాడు.

"పదింతలు నిజమేనక్కా. కానీ ఆ బలమంతా కంపెనీవాళ్లు ఆటలకే కట్టేశారు. మాట పలికించడానికి వాడుకోనివ్వట్లేదు."

"ఏదో దారి ఉంటది కదా తమ్ముడూ! నీ కాళ్లు పట్టుకుంటాను, ఇంకోసారి చూడు."

"అన్ని రకాలుగా చూశానక్కా. ఎక్కడా సందు లేదు."

ఇంటికొచ్చి, భర్త మంచం మీద తల ఆనించి భోరున ఏడ్చింది. ఆయన కళ్లు ఆమెనే చూస్తున్నాయి. పాత పెట్టె గుర్రుమనడం మొదలైంది. ఆయనేదో చెప్పబోతున్నాడు. అది వేడెక్కి ఆగిపోతుందేమోనన్న భయంతో ఆమె విసనకర్ర తెచ్చి దానికి విసురుతూ కూర్చుంది. మధ్యలో లేచి జావ కాచి ఆయనకు తాగించింది, దుప్పటి మార్చింది, మళ్లీ వచ్చి విసిరింది.

దీపాలు పెట్టే వేళకు పెట్టె పలికింది.

"ఏడవకు సుభా."

ఎప్పుడో ఆగిన ఏడుపు మళ్లీ తన్నుకొచ్చింది.