నిన్నటి పులుసు

"ఇది ఎప్పుడు వండింది?" డేగిసా మూత ఎత్తి అడిగాడు వినోద్.

"నిన్న సాయంత్రం సారూ," అంది పేరమ్మ.

"నిన్నటి కూర మా చైర్మన్ మేడంకి పెడతారా!"

పొద్దున ఆరు గంటలు. మైపాడు బీచి పక్కన ఫంక్షన్ హాలు, దాని వెనక వంట షెడ్డు. రొయ్యల మేత కంపెనీ మీటింగు. మధ్యాహ్నానికి వంద మందికి భోజనం. ఏర్పాట్లన్నీ వినోద్‌వి. హైదరాబాదు ఆఫీసు నుంచి వచ్చి నెల కూడా కాలేదు. ఈ ఒక్క పూట బాగా జరిగితే ఏడాది పొడుగునా కంపెనీ మీటింగులన్నిటికీ వంట పేరమ్మదే. జరగకపోతే నెల్లూరు హోటలువాళ్ళది.

"చేపల పులుసు గదా సారూ. ఈరోజు వండి రేపు తినాల. రాత్రంతా ఊరితేనే ముక్కకి పులుపెక్కేది. మా ఊళ్ళో ఎవురింట్లోనైనా అంతే."

"మీ ఊరి సంగతి నాకెందుకు? కంపెనీ రూలు ఒకటే. ఏ పూట వంట ఆ పూటే. కాగితం మీద ఉంది."

"కాగితానికి నాలిక ఉండాదా సారూ? మీరే ఒక ముక్క తిని చూడండి."

"నేను శాకాహారిని."

పేరమ్మ మొగుడు చిన్నపోలయ్య పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, "బాగుండాది. చేప ముట్టని సారు చేపకి రూలు పెట్టినాడు," అన్నాడు.

"పారబోయండి," అన్నాడు వినోద్.

పేరమ్మ డేగిసాకి అడ్డం నిలబడింది. "పారబోస్తే గంగమ్మ ఊరుకోదు సారూ. వెనకాల డ్రైవర్లకీ పందిరోళ్ళకీ పెడతా. హాల్లోకి మళ్ళీ వండుతా. సరేనా?"

వినోద్ ఒప్పుకున్నాడు. చిన్నపోలయ్య ఒడ్డుకి పోయి, అప్పుడే దిగిన పడవలోంచి వంజరం చేపలు తెచ్చాడు. పేరమ్మ చింతపండు పిసికింది. మామిడికాయ కోసింది. వినోద్ కుర్చీ వేసుకుని కూర్చుని, ముక్కలు కోసిన దగ్గర్నుంచి పులుసు దించేదాకా ఫోనులో వీడియో తీశాడు.

"నా పెళ్ళిలో కూడా నన్నింత తియ్యలేదు సారూ," అంది పేరమ్మ.

వినోద్ ఫోను ఇంకాస్త దగ్గరికి పెట్టాడు.

రెండు డేగిసాలూ పక్కపక్కన సన్నటి నిప్పుల మీద పెట్టారు. ఒకే సైజు. వినోద్ కళ్ళకి పులుసు రంగూ ఒకటే. అనుమానం వచ్చింది. సంచిలోంచి కంపెనీ స్టిక్కరు తీసి కొత్త పులుసు మూత మీద అంటించాడు.

"ఇది హాల్లోకి. స్టిక్కరు లేనిది వెనక్కి. మారిందా, ఏడాది ఆర్డరు లేదు."

"అట్నే సారూ."

పన్నెండున్నరకి మేడం కారు హారను వినపడింది. వినోద్ చొక్కా సర్దుకుంటూ పరిగెత్తాడు.

పేరమ్మ రెండు డేగిసాలనీ చూసింది. వంద మంది నోళ్ళు. పులుపెక్కని ముక్క. కొంగుతో చెమట తుడుచుకుంది.

"ఏమయ్యా, మూతలకి ఆవిరి పట్టింది. తీసి తుడిచి పెట్టు," అంది.

భోజనాలు మొదలయ్యాయి. వినోద్ తన చేత్తో చైర్మన్ ఆనందకుమారి ముందు ప్లేటు పెట్టి, ఫోను చూపించాడు.

"మీ కోసం తాజాగా వండించాను మేడం. నేనే దగ్గరుండి చూసుకున్నా."

పులుసు మీదికి పోయిన మేడం చెయ్యి అక్కడే ఆగింది. "పొద్దున వండిన పులుసా? మాదీ ఈ సముద్రం పక్కే, ముత్తుకూరయ్యా. ఏ రోజు పులుసు ఆ రోజు మా అమ్మ ముట్టుకోనిచ్చేది కాదు. నిన్నటిది లేదా?"

"ఉంది మేడం... డ్రైవర్లకి ఇచ్చేశాం."

మేడం ఆ ప్లేటు పక్కకి నెట్టి, ఇంకో ప్లేటు తీసుకుని లేచింది. వెనక షెడ్డుకి పోయి, తన డ్రైవరు నరసయ్య పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. వెనకే వినోద్.

పేరమ్మ తల ఎత్తకుండా వడ్డించింది.

మేడం ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"అబ్బ! ఇదీ పులుసంటే. రాత్రంతా ఊరింది. ఒక్క ముద్దతో చెప్పేస్తా నేను."

నరసయ్య ఏదో అనబోయాడు. పేరమ్మ అతని ప్లేటులో ఇంకో ముక్క వేసింది. అతను ముద్ద కలుపుకున్నాడు.

"ఏడాదంతా మీటింగులు ఈమెవే," అంది మేడం. "వినోద్, ఇకమీదట ముందురోజే వండించు."

"కానీ మేడం, హాల్లో అందరూ మారు అడిగి వేయించుకుంటున్నారు. తాజాది కాబట్టే ఆ రుచి అంటున్నారు."

"వాళ్ళకేం తెలుసయ్యా, తాజాదానికీ నిన్నటిదానికీ తేడా!"

మేడం చెయ్యి కడుక్కుంది. ఆ వాదం అట్లా సాగిస్తూనే ఇద్దరూ హాల్లోకి పోయారు.

చిన్నపోలయ్య పెళ్ళాం పక్కకి జరిగాడు. "ఏమే, నిజం చెప్పేద్దామా?"

"గమ్మునుండు! సారు స్టిక్కరేసింది మూతకి గదా, డేగిసాకి కాదు. నువ్వు మూతలు మార్చినావని తెలిస్తే, నిన్నటిదని మెచ్చుకుని తిన్న ఈ పొద్దుటి పులుసు ఆయమ్మకి అరగద్దా?"