వెనక గది కార్పెట్

"ఈ ఇంటికి పెద్దకోడల్ని నేనా, అదా?"

అత్తగారు దిండుకు గలీబు తొడుగుతోంది. తలెత్తలేదు. ఈ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా తప్పే అవుతుందని ఆవిడకు అనుభవం మీద తెలుసు.

"నువ్వేనమ్మా. ఇప్పుడేమయింది?"

"వెనక గదిలోకి ఒకసారి తొంగి చూడండి, తెలుస్తుంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కార్పెట్. గోడలకు కొత్త రంగు. మొన్నటిదాకా చెమ్మ, బూజు, పిల్లకు ఆయాసం అని ఏడ్చింది కదా. ఆ బూజు వంక పెట్టుకుని గదిని మహారాణి గదిలా చేసుకుంది. నేను మాత్రం ముందు గదిలో ఆ బోసి టైల్స్ మీద నడుస్తూ ఉండాలి."

"చిన్నవాడేదో తెచ్చి వేసుకున్నాడమ్మా. నన్ను అడగలేదు."

"వాడూ మీ కొడుకే, నా మొగుడూ మీ కొడుకే. నాకూ కార్పెట్ కావాలంటే ఈయనేమన్నారో తెలుసా? టైల్స్ చల్లగా ఉంటాయి, ఊరుకో అన్నారు."

కార్పెట్ వచ్చినప్పటి నుంచి పెద్దకోడలికి తిండి సహించడం లేదు. ముందు గదికి రెండు కిటికీలున్నాయి, పొద్దున్నే ఎండ వచ్చి మంచం మీద కూర్చుంటుంది. అవేవీ ఇప్పుడామె కంటికి ఆనడం లేదు. ఏదో పని కల్పించుకుని వెనక గది వైపు వెళ్ళడం, ఓరగా తెరిచిన తలుపులోంచి కార్పెట్ చూడడం, కడుపు మంటతో తిరిగి రావడం, ఇదే పని. చిన్నకోడలు పాపను హాల్లో నాయనమ్మ పక్కన పడుకోబెట్టడం కూడా ఆమెకు తప్పుగానే తోచింది. దగ్గుతున్న పిల్లను హాల్లోకి తోసేసి మొగుడూ పెళ్ళాం కార్పెట్ మీద కులుకుతున్నారు, అనుకుంది.

ఆ సాయంత్రం అందరూ ఇంట్లో ఉండగా తెగేసి చెప్పేసింది.

"గదులు మార్చుకుందాం."

చిన్నకోడలి మొహం పాలిపోయింది. "ఇప్పుడే కదా అక్కా వేయించుకున్నాం."

"పెద్దదాన్ని, నోరు విడిచి అడుగుతున్నాను."

"సరే, మీ ఇష్టం. మా కార్పెట్ చుట్టుకుని వెళ్తాం."

"అదెలా కుదురుతుంది? గదంటే గదిలో ఉన్న నేలతో సహా. నేనేమైనా నా టైల్స్ పెకలించుకుపోతున్నానా?"

చిన్నకోడలు కళ్ళు ఒత్తుకుంటూ అత్తగారి వైపు చూసింది. పెద్దకోడలి నోటికి జడిసి అత్తగారు "పోనీలే తల్లీ, సర్దుకుపోండి" అంది. చిన్నకొడుకు మంచం విప్పడం మొదలుపెట్టాడు. పెద్దకోడలికి ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ రాత్రి చెప్పులు గుమ్మం బయటే విప్పి, కార్పెట్ మీద అటూ ఇటూ నాలుగుసార్లు నడిచి మరీ పడుకుంది.

సంబరం వారం కూడా నిలవలేదు. ముందు మొగుడికి తుమ్ములు పట్టుకున్నాయి. తర్వాత గదిలో తడిగుడ్డ ముక్కిన వాసన మొదలైంది. కొత్త కార్పెట్ వాసన లెండి, అని ఆయన నోరు మూయించింది. ఒకనాడు పొద్దున్నే మంచం దిగితే పాదం తడిసింది. వంగి కార్పెట్ మూల పట్టుకుని పైకి లేపింది. అడుగంతా నల్లటి బూజు. అక్కడి నుంచి అది కొత్త రంగు మీదుగా గోడ ఎక్కుతోంది.

ఆమె పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు కూడా లేచారు.

"గుడ్డతో తుడుచుకుంటే పోతుందమ్మా..." అని అత్తగారు అలవాటు కొద్దీ మొదలుపెట్టింది.

"తుడవాలా? ఇవాళ మేస్త్రీ రాకపోతే నా మంచం తెచ్చి మీ హాల్లో వేస్తాను. ఇంట్లో పొయ్యి వెలగదు. చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్తాను, ఈ ఇంట్లో పెద్దకోడలి బతుకు ఎలా ఉందో."

మధ్యాహ్నానికల్లా మేస్త్రీ దిగాడు. గోడ పగలగొడితే లోపల స్నానాలగది పైపు బొట్లు బొట్లుగా కారుతోంది.

"పైపు మార్చేద్దాం. గోడ బాగా ఆరాక నేలకు టైల్స్ వేయించుకోండి" అన్నాడు మేస్త్రీ. "చెమ్మ తగిలే గదికి కార్పెట్ వద్దమ్మా, తడిని లోపల దాచుకుంటుంది."

"ముందు గదిలో వాటికంటే పెద్ద టైల్స్ వెయ్యి" అంది పెద్దకోడలు. గోడ కూలినా ఆ గుణం కూలలేదు.

చిన్నకోడలు టీ పట్టుకొచ్చింది. వెనకాలే వచ్చిన పాప గుమ్మంలో నిలబడి ఇటుక ముక్కలను వింతగా చూస్తోంది. ముందు గదిలోకి మారాక దానికి ఆయాసం తగ్గింది, రాత్రుళ్ళు దగ్గకుండా నిద్రపోతోంది. తేరుకుని కళకళలాడుతున్న ఆ పిల్ల మొహం చూసేసరికి పెద్దకోడలికి ఒళ్ళు మండింది.

"ఇంత బూజు కింద పెట్టుకుని నాకంటగడతావా? పైగా ఆ రోజు కన్నీళ్ళొకటి. అంతా నటనే కదూ?"

చిన్నకోడలు టీ గ్లాసు ఆమె చేతికిచ్చింది.

"కన్నీళ్ళు నిజమేనక్కా. మీరెక్కడ మనసు మార్చుకుంటారో అని భయమేసింది."

పెద్దకోడలు గ్లాసు కింద పెట్టేసింది. "భయమెందుకే?"

"పిల్లకు ఊపిరాడటం లేదని ఇన్నాళ్ళు నేను మొత్తుకుంటే, ఈ గోడ మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. మీరు ఒక్క పూట అరిస్తే మేస్త్రీ వచ్చాడు" అంది చిన్నకోడలు, పాపను చంకనెత్తుకుంటూ. "అలా అరుస్తారనేగా అక్కా, షాపులో అన్నీ వెతికి మీకు నచ్చే రంగు కార్పెట్టే ఏరి తెచ్చాను."